రాత్రి మూడింటికి ఆంపుల్ మీద అక్షరాలు కనిపించడం లేదు, మంత్రి గారూ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

తిరుపతి జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. వయసు 57, సర్వీసు 29 ఏళ్లు. నైట్ డ్యూటీలు తగ్గించమని ఆసుపత్రిలో రెండుసార్లు, కలెక్టరేట్ సోమవారం గ్రీవెన్స్‌లో ఒకసారి అర్జీ ఇచ్చాను. చేతికొచ్చింది రసీదు మాత్రమే.

2022 జనవరిలో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి పెంచారు. మంచిదే. పిల్లల చదువుల అప్పు తీరని ఇళ్లకు ఆ రెండేళ్ల జీతం పెద్ద ఆసరా. కానీ ఆ వయసులో మాతో ఏ పని చేయించాలో ఎవరూ ఆలోచించలేదయ్యా. పాతికేళ్ల పిల్లకు వేసిన డ్యూటీ రోస్టరే నాకూ వేస్తున్నారు. వరుసగా ఆరు నైట్లు. నైట్ దిగి పుత్తూరు మీదుగా వెళ్లే బస్సెక్కితే కూర్చోగానే నిద్ర. రెండుసార్లు మా ఊరు దాటి నగరి దాకా వెళ్లిపోయాను.

వార్డులో రాత్రిపూట 40 మంది రోగులకు ఇద్దరం. ఐదుగురికి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. పక్షవాతం వచ్చినాయన్ని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. నేనూ, ఆయన కొడుకూ చెరో వైపు దుప్పటి పట్టుకుని లాగుతాం. మోకాళ్ల నొప్పి ఓర్చుకుంటాను. నా భయమంతా కళ్ల గురించే.

పోయిన నెల ఒక రాత్రి మూడింటికి ట్రేలో డిస్టిల్డ్ వాటర్, పొటాషియం క్లోరైడ్ ఆంపుల్స్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న సీసాలు) పక్కపక్కనే ఉన్నాయి. రెండూ నీళ్లలాగే ఉంటాయి. కళ్లజోడు పెట్టుకున్నా అక్షరాలు అలికేసినట్టున్నాయి. పైన ట్యూబ్‌లైట్ కొట్టుకుంటోంది. ఫోన్ లైటు వేసి చూసినా నమ్మకం కుదరలేదు. కాంట్రాక్టు సిస్టర్‌ని పిలిచి "చదువమ్మా" అన్నాను. చదివింది. ఇంకోసారి చదివించుకున్నాను. పొటాషియం సెలైన్లో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కితే గుండె ఆగిపోతుంది సార్. ఆ పిల్ల లేకపోతే నేనేం చేసేదాన్ని?

ఆ పిల్ల కూడా ఆ రాత్రి జ్వరంతోనే వచ్చింది. సెలవు అడిగితే రెన్యువల్ ఆపేస్తారని భయం. మాకు నైట్లు తగ్గించమంటే "అయితే కాంట్రాక్టు వాళ్లకు వేస్తా, లేదంటే వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద రిటైర్మెంట్) పెట్టుకోండి" అంటారు మా పైవాళ్లు. దాంతో వాళ్లు మమ్మల్ని, మేం వాళ్లని చూసి మొహం తిప్పుకునే పరిస్థితి వచ్చింది. అక్కా అని పిలిచే పిల్లలు వాళ్లు! రోస్టర్ వేసేవాళ్లు ఒక్క రాత్రి వార్డులో నిలబడి చూడాలి.

నాకు పని వద్దనడం లేదు. ఓపీలో వేయండి, టీకాలకు పంపండి. కొత్త పిల్లలకు దొరకని నరం నా వేలికి ఇప్పటికీ దొరుకుతుంది, ఆ పని నేర్పించమనండి. 55 దాటినవాళ్లకు నైట్లు తగ్గించండి. ఆ బరువు కాంట్రాక్టు పిల్లల నెత్తిన పెట్టకుండా ఖాళీలు నింపండి.

శనివారం నుంచి నాకు మళ్లీ నైట్లు. ఆలోపు ఆ ట్యూబ్‌లైట్ అయినా మార్పించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
తిరుపతి జిల్లా