మీ ఆసుపత్రి, మా మిల్లు

చిన్నా,

ఆసుపత్రిలో యూనియన్ పెడుతున్నారని, జీతాలు పెరిగితే ఉద్యోగాలు పోతాయని మీ సూపర్‌వైజర్ భయపెడుతున్నాడని రాశావు. ఆయన మాట మా నూలు మిల్లుకు చాలావరకు సరిపోయేది. మీ దగ్గర సరిపోతుందా అన్నది నా అనుమానం.

మా ఒప్పందం కుదిరాక జీతాలు పెరిగాయి. ఎవరినీ తీసేయలేదు. రిటైరైనవారి స్థానంలో పర్మనెంటుగా తీసుకోవడం మాత్రం ఆపేశారు. కాంట్రాక్టు పిల్లలు వచ్చారు. అదే యంత్రం, అదే షిఫ్టు, మా జీతంలో సగం. వారికీ సభ్యత్వం ఇద్దామని ఒకరిద్దరు అంటే మిగతావారు సాగనివ్వలేదు. నేను నోరు మెదపలేదు. నూలు ఎవరైనా వడకగలరు. ధర పెరిగితే కొనేవాడు ఇంకో మిల్లుకు పోతాడు. మా బేరానికి హద్దు అక్కడే.

ఆల్‌ఫ్రెడ్ మార్షల్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త ఈ లెక్క 1890లోనే తేల్చాడు. మొత్తం ఖర్చులో జీతాల వాటా తక్కువై, మనిషి బదులు యంత్రం పెట్టడం కష్టమై, కొనేవారికి వేరే దారి లేకపోతే జీతం పెరిగినా ఉద్యోగాలు పెద్దగా తగ్గవు. విమాన పైలట్ల మాట చెల్లినట్టు బట్టలు కుట్టేవారి మాట చెల్లనిది అందుకే.

మీ సంగతి ఇంకా వేరు. చుట్టుపక్కల నర్సులకు, టెక్నీషియన్లకు పని ఇచ్చేది ఆ ఒక్క ఆసుపత్రే అన్నావు. ఖాళీలు ఏళ్లుగా నింపడం లేదనీ అన్నావు. కొత్తవారు రావాలంటే కాస్త ఎక్కువ ఇవ్వాలి. వారికి ఇస్తే పాతవారందరికీ పెంచాలి. అంతకంటే కుర్చీలు ఖాళీగా ఉంచడమే యాజమాన్యానికి చవక. ఒప్పందంతో అందరి జీతమూ ఒకేసారి పెరిగిపోతే, ఖాళీలు ఉంచి మిగుల్చుకునే దారి మూసుకుపోతుంది. జీతంతో పాటు మనుషులూ పెరగవచ్చు. మితిమీరి అడిగితే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది.

ప్రభుత్వ కొలువుల్లో పోటీదారు లేడు. పన్ను కట్టేవారి ఓపికే హద్దు. 2023లో అమెరికాలో ప్రభుత్వోద్యోగుల్లో దాదాపు మూడో వంతు యూనియన్లలో ఉంటే, ప్రైవేటులో నూటికి ఆరుగురే. స్వీడన్‌లో కనీస వేతన చట్టమే లేదు. రంగం మొత్తానికి ఒకే ఒప్పందం చేసుకుంటారు. పక్క సంస్థా అంతే ఇస్తుంది కనుక, తక్కువ జీతాలిచ్చి పోటీని దెబ్బతీయడం కుదరదు.

మీ డిమాండ్ల పత్రంలో కాంట్రాక్టు వార్డు సిబ్బంది ఉన్నారా? ఒక నకలు పంపు, ముందు ఆ పేరా వెతుకుతాను.

మీ అమ్మ