కోకో మొక్క ఇచ్చే ముందు ధర సంగతి తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

మా నర్సంపేట చుట్టుపక్కల ఆయిల్‌పామ్ తోటలు ఏటేటా పెరుగుతున్నాయి. చెట్లు ఎదిగి నీడ కమ్ముకున్నాక సాళ్ల మధ్య మిర్చి, మొక్కజొన్న పండవు. ఆ నీడలో చాక్లెట్‌కు వాడే కోకో వేసుకుంటే రెండో ఆదాయం వస్తుందని ఈ మధ్య తరచూ వింటున్నాం. నీడలో పెరిగే పంటే కాబట్టి సలహాలో తప్పు లేదు. కానీ పండిన గింజను ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అని అడిగితే మాత్రం ఎవరూ సరిగా చెప్పడం లేదు.

ఆయిల్‌పామ్ గెలలకు ప్రభుత్వం ధర ప్రకటిస్తుంది, ఫ్యాక్టరీ కొంటుంది. కోకోకు మద్దతు ధర లేదు. కొనే కంపెనీలు కొన్నే, అవి చెప్పిందే ధర. 2024లో ఆంధ్రలో ఎండు గింజ కిలో వెయ్యి రూపాయల దాకా పోయింది. మరుసటి ఏడాదికి సగానికి పడిపోయింది. ఏలూరు జిల్లా రైతులు రోడ్డెక్కితే గానీ అక్కడి ప్రభుత్వం కదల్లేదు. చివరికి కిలోకు 50 రూపాయలు తానే భరించడానికి ఒప్పుకుంది.

అశ్వారావుపేట వైపు మా చుట్టాల తోటలో కోకో పని దగ్గరుండి చూశాను. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో ఉన్న గింజలను పెట్టెలో పోసి కప్పుతారు. ఐదారు రోజులు మధ్యమధ్యలో తిరగేస్తూ పులియబెట్టాలి. చెయ్యి పెడితే వేడి తగులుతుంది, పుల్లటి వాసన వస్తుంది. ఆ తర్వాత ఎండలో ఆరబోసి తేమ ఏడు శాతానికి తేవాలి. పులియడం సరిగా కాకపోతే చాక్లెట్ రుచే రాదు. ఇంత పనీ రైతు ఇంటిదగ్గరే జరుగుతుంది, రేటు మాత్రం ఎక్కడో లండన్, న్యూయార్క్‌లలో తేలుతుంది.

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే మాకు ఇది కొత్త బాధ కాదు. జెండా పాట, అంటే ఆ రోజు వేలంలో పలికిన పెద్ద ధర, పేపర్లో ఘనంగా వస్తుంది, మన బస్తాల దగ్గరికొచ్చేసరికి క్వింటాలుకు వేలల్లో కోత పడుతుంది.

ప్రపంచంలో సగానికి పైగా కోకో పండించే ఐవరీకోస్ట్, ఘనాల్లోనూ రైతులు ఇలాగే నలిగారు. ధర గిట్టక, కూలీలను పెట్టుకోలేక పిల్లలను తోట పనికి దించిన కుటుంబాలు అక్కడ లెక్కలేనన్ని. అక్కడ పనికొచ్చిన వాటిలో ఫెయిర్‌ట్రేడ్ పద్ధతి ఒకటి; రైతుకు న్యాయమైన ధర ఇచ్చి కొన్న సరుకు మీద ముద్ర వేసే ఏర్పాటు ఇది. 2019 అక్టోబరులో టన్నుకు కనీస ధరను 2,400 డాలర్లకు పెంచారు. మార్కెట్ అంతకన్నా పైన ఉంటే మార్కెట్ ధరే ఇవ్వాలి, పడిపోతే ఈ ధరకు తగ్గకూడదు. దానిమీద టన్నుకు మరో 240 డాలర్లు రైతుల సంఘానికి వెళ్లేలా అప్పుడే నిర్ణయించారు, వాటిని ఎలా ఖర్చు పెట్టాలో సభ్యులే నిర్ణయిస్తారు. ఘనాలో 1993లో మొదలైన కువాపా కోకూ అనే రైతుల సంఘం ఒక చాక్లెట్ కంపెనీలో వాటాదారు కూడా అయింది. 2020-21 పంట నుంచి ఐవరీకోస్ట్, ఘనా ప్రభుత్వాలు కలిసి మార్కెట్ ధర మీద టన్నుకు 400 డాలర్లు అదనంగా ఇవ్వాలని కొనేవాళ్లకు షరతు పెట్టాయి.

ఫెయిర్‌ట్రేడ్ ముద్రతోనే అన్నీ చక్కబడతాయని నేను అనను. ముద్ర ఉన్న సంఘాలు కూడా పంటంతా ఆ ధరకు అమ్ముకోలేకపోతున్నాయి. అయినా, ధర ఇంతకన్నా దిగదని ముందే తెలిస్తే రైతు ధైర్యంగా మొక్క పెడతాడు. మాకు కావలసింది ఆ ధైర్యమే. కోకో కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పుడు ధర లేదంటే చెట్లు నరుక్కోవడం తప్ప మరో దారి లేదు.

అందుకే వరంగల్, ములుగు, మహబూబాబాద్ జిల్లాల్లో కోకో మొక్కలు పంచే ముందు ప్రభుత్వం కొనుగోలు కంపెనీలతో కనీస ధర మీద రాతపూర్వక ఒప్పందం చేయించాలి. ఆ కాగితంలో రైతు సంఘం సంతకం కూడా ఉండాలి. నాలుగైదు ఊళ్లకు కలిపి గింజలు పులియబెట్టి ఆరబెట్టే షెడ్డు ఒకటి సంఘం చేతిలో ఉంటే, తేమ పేరుతో తరుగు తీసే వీలు తగ్గుతుంది. వచ్చే వానాకాలం నాట్లలోపే ఈ పని మొదలుపెట్టాలని ఉద్యాన శాఖను కోరుతున్నాను.

- ఒక ఆయిల్‌పామ్ రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా