వెంటిలేటర్ మీదున్నవారినీ అడగండి: గాలి చాలుతోందా?

సంపాదకుల వారికి,

వెంటిలేటర్ పెట్టాక ఇక ఆయాసం ఉండదన్న నమ్మకం బంధువుల్లోనే కాదు, ఐసీయూల్లోనూ ఉంది. మానిటర్‌లో ఆక్సిజన్ 98 చూపిస్తున్నా రోగి గాలి చాలక అల్లాడుతుండొచ్చు. మెదడు కోరినంత గాలి ఛాతీలోకి రానప్పుడు పుట్టే బాధ అది. వేలికి పెట్టే క్లిప్పుకు అందదు.

ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారికి, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇస్తాం. 165 సెంటీమీటర్ల పొడవున్న మగవారికి శ్వాసకు దాదాపు 370 మిల్లీలీటర్లు. ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతినకుండా ఇలా తక్కువగా ఇవ్వడం ప్రాణం కాపాడే జాగ్రత్తే, కానీ కొందరికి అది చాలదు. ఒక శ్వాస పూర్తికాకముందే ఇంకోటి లాగుతారు, తెరమీద జంట శ్వాసలు కనబడతాయి. గాలి వచ్చే వేగం తక్కువైతే ప్రెషర్ గీత మధ్యలో గుంట పడుతుంది. మెడ కండరాలు బిగుస్తాయి, ముక్కుపుటాలు ఎగురుతాయి. దీన్ని 'మిషన్‌తో కొట్లాడుతున్నాడు' అనడం మానాలి.

ఉన్నట్టుండి అల్లాడితే గొంతులోంచి వేసిన ట్యూబు మూసుకుపోయిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా అన్నది వెంటనే తేల్చాలి. చేతులు కట్టి మత్తు పెంచడం తర్వాతి మాట. కఫం, గొట్టాల్లో నిలిచిన నీళ్లు, ట్రిగ్గర్ (రోగి శ్వాస లాగడాన్ని మిషన్ గుర్తించే అమరిక), గాలి వేగం, నొప్పి, జ్వరం, అన్నీ చూడాలి. సక్షన్ (ట్యూబులోంచి కఫం లాగడం) చేసేముందు చెప్పాలి, ఒక్కో విడత 15 సెకన్లు దాటకూడదు. కదలికలు ఆపే మందు ఇస్తే మరీ జాగ్రత్త. మత్తు చాలకపోతే, శరీరం నిశ్చలంగా ఉన్నా లోపల మనిషికి అంతా తెలుస్తుంటుంది.

ట్యూబు స్వరతంత్రుల మధ్యగా వెళ్తుంది కాబట్టి మాట రాదు. ఎందుకు రావట్లేదో ఎవరూ చెప్పకపోతే గొంతు పోయిందనుకుని హడలిపోతారు. భయానికి శ్వాస వేగం పెరుగుతుంది, దాంతో ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది. మాటకు బదులు వేలితో చూపించడానికి ఇచ్చే ఇంగ్లిష్ అక్షరాల పలక చాలామందికి పనికిరాదు. తెలుగు గుణింతాలతో ఒక్క మాట కూర్చేసరికే అలసిపోతారు. 'గాలి చాలట్లేదు', 'నొప్పి', 'కఫం', 'దాహం', 'భయం', 'మావాళ్లు' అని పెద్దక్షరాలతో ఓ అట్టముక్క చాలు. కళ్లద్దాలు పెట్టి చూపించండి.

బీపీ, షుగర్, మూత్రం గంటగంటకూ రాసే చార్టులో ఆయాసానికి గడి చాలాచోట్ల లేదు. మెలకువగా ఉన్న ప్రతి రోగినీ షిఫ్టుకోసారైనా అడిగి, 0 నుంచి 10 దాకా వేలితో చూపించిన అంకెను అందులో రాయించాలని ఆసుపత్రుల యాజమాన్యాలనూ, ఆరోగ్య శాఖలనూ కోరుతున్నాం.

– ఐసీయూ నర్సులు, గుంటూరు