‘బ్యాంకాక్‌లో ఉండి కూడా కష్టాలేనా తమ్ముడూ’ అన్న మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

నేను మీకు గుర్తుండకపోవచ్చు. మీరు బ్యాంకాక్ వచ్చినప్పుడు మనవాళ్లు పెట్టిన ఆత్మీయ సమావేశంలో, శాలువాలు కప్పేవాళ్ల వరసలో అందరికంటే చివర, చేతిలో శాలువా లేకుండా కాగితం పట్టుకుని నిలబడ్డది నేనే. అది మీ శాఖ శిక్షణలో థాయ్‌వాళ్ల మీద చెప్పే నాలుగు మాటలు తీసేయమని రాసిన మూడో వినతిపత్రం. మొదటి రెండూ మీ శాఖకు పోస్టులో పంపాను. ఒకదానికి రసీదు నంబరు వచ్చింది. రెండోదానికి అదీ లేదు. మూడోది మీ చేతికే ఇస్తే మీరు పైన రెండు లైన్లు చదివి, పక్కవాళ్ల వైపు తిరిగి, “బ్యాంకాక్‌లో ఉండి కూడా కష్టాలేనా తమ్ముడూ?” అన్నారు. హాలు హాలంతా నవ్వింది. మీరు నా భుజం తట్టి, కాగితం పీఏ గారి చేతిలో పెట్టి, భోజనాల వైపు వెళ్లిపోయారు.

నవ్విన వాళ్లలో నా భార్య కూడా ఉంది. ఆమెది ఈ దేశమే. మీకెవరూ చెప్పి ఉండరు, ఆమెకు తెలుగు వచ్చు.

మీ శాఖ నడిపే శిక్షణ గురించి మీకు నేను చెప్పేదేముంది. పనికోసం దేశం దాటేవాళ్లను కూర్చోబెట్టి ఏ దేశంలో ఎలా మసలుకోవాలో చెప్పడం మంచి పనే, కాదనను. అందులో థాయ్‌లాండ్ గురించి ఏం చెప్పారో మా ఊరి కుర్రాడొకడు నోట్సు రాసుకొచ్చాడు. ఇక్కడ హోటల్లో వంటపనికి వచ్చాడు, మొదటి ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చి, పాపం అమాయకంగా నాకు చూపించాడు. “ఆడవాళ్లతో జాగ్రత్త, డబ్బు కోసమే. మగవాళ్లు బద్ధకస్తులు. దేనికైనా ఔనంటారు, చెయ్యరు. నవ్వుతారు, నమ్మొద్దు.” ఈ నాలుగు ముక్కలే. వాడు అది చదువుతుంటే వాడి కంచంలో అన్నం వడ్డిస్తున్నది మా ఆవిడ.

పాఠం చెప్పినాయన బ్యాంకాక్‌లో ఆరేళ్లు ఉండొచ్చాడట. ఉండే ఉంటాడు. ఇలాంటి వాళ్లను పదహారేళ్లుగా చూస్తున్నాను. అపార్ట్‌మెంటు, ఆఫీసు, ఇండియా సరుకుల కొట్టు, పండగొస్తే సీలోమ్ మారియమ్మ గుడి. థాయ్ మాటలు మూడొస్తాయి: సవాదీ, ఖోప్‌ఖున్, థావ్‌రై. నమస్కారం, థాంక్స్, ఎంత? ఇన్నేళ్లలో ‘ఎంత’ అని అడగడం తప్ప ఇంకో ప్రశ్న నేర్చుకోని మనిషి, వీళ్లకు డబ్బు తప్ప ఇంకోటి పట్టదంటాడు! తెల్లవాళ్లదీ అదే వరస. రిటైరై వచ్చి, సుఖుమ్‌విత్‌లో బారు స్టూలు మీద పరిచయమైన ఇద్దరు ముగ్గుర్ని చూసి ఆరున్నర కోట్ల మంది మీద తీర్పు రాసేస్తారు. మనవాళ్లు ఆ తీర్పును తెలుగులోకి దించుకుంటారు. మీ శాఖ దాన్ని పాఠం చేసింది.

ఆ ‘డబ్బు కోసమే’ సంగతి కొంచెం ఓపిగ్గా వినండి. మీ భోజనం ఎలాగూ అయిపోయింది.

మా అత్తగారిది రోయ్ ఎత్ జిల్లా, థాయ్‌లాండ్‌కు ఈశాన్యాన ఉన్న ఇసాన్ ప్రాంతం. తుంగ్ కులా మైదానం పక్కన. అక్కడ పండే మల్లె బియ్యం మన సూపర్ మార్కెట్లలో కూడా దొరుకుతుంది. వానాధారం, ఏడాదికి ఒకే పంట. మిగతా నెలలు ఊరు ఊరంతా బ్యాంకాక్‌లో టాక్సీ నడుపుతుంది, ఫ్యాక్టరీల్లో నిలబడుతుంది, తైవాన్ వెళ్తుంది, ఇజ్రాయెల్ వెళ్తుంది. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లినట్టు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో పదుల మంది థాయ్ కూలీలు చనిపోయారు, ఇంకొందరు బందీలుగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇసాన్ వాళ్లే. బద్ధకస్తులు కదా, అంత దూరం ఎందుకు వెళ్లారో మీ శిక్షకుణ్ని ఒక్కసారి అడగండి. 2025లో కూడా ఈ దేశంలో రోజు కనీస కూలి జిల్లానిబట్టి 337 నుంచి 400 బాత్‌లు. ఆ కూలికి చేసేవాణ్ని బద్ధకస్తుడు అనేది ఎవరయ్యా అంటే, తన అపార్ట్‌మెంటు కింద దుకాణానికి నడవలేక ఫోన్లో ఆర్డరిచ్చేవాడు.

మా ఆవిడ సముత్ ప్రకాన్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో అకౌంటెంటు. నేను అదే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో చేరాను. మా పరిచయం ఒక ఇన్‌వాయిస్ తగాదాలో జరిగింది, తప్పు నాదే. ఆ సంగతి ఊళ్లో చెప్పినప్పుడు మా అమ్మ ఫోన్లో మొదట అడిగిన మాట, “ఎక్కడ దొరికిందిరా?” అని. దారిలో పడున్న వస్తువు దొరికినట్టు. సంక్రాంతికి తీసుకెళ్తే మా పెదనాన్న కొడుకు ఆమె ఎదుటే, “వదిన అక్కడ ఏం పని చేసేదిరా?” అన్నాడు. ‘చేసేది’ అన్న చోట గొంతు ఎలా సాగిందో మీకు వేరే చెప్పాలా? ఆమె అకౌంట్స్ అంది. వాడు నావైపు చూసి కన్ను కొట్టాడు. పదహారేళ్లలో ఆ కన్ను కొట్టడం ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టడం మానేశాను. ఇమిగ్రేషన్ క్యూలో, పెళ్లి పందిట్లో, విమానంలో పక్క సీటువాడి దగ్గర. మీ సమావేశంలో కూడా, దండం పెడుతూ చెప్తున్నాను, అది అదే కన్ను.

పెళ్లప్పుడు సిన్ సోత్ ఇచ్చాను. అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయి తల్లిదండ్రులకు ఇచ్చేది. లక్ష బాత్‌లు పళ్లెంలో పెట్టి ఊరందరి ముందు లెక్కపెట్టారు. “కొనుక్కున్నావన్నమాట” అన్నాడు మా ఆఫీసులో ఒక తెల్లాయన. సరే, ఆయనకు తెలీదు. మనకేమైంది? ఓలి, అదే కన్యాశుల్కం, అనే మాట మన తాతలకు తెలియదా? పెళ్లైన మర్నాడు మా అత్తగారు అదే కట్ట, అదే రబ్బరు బ్యాండుతో తెచ్చి మా చేతిలో పెట్టింది, ఇల్లు అద్దెకు తీసుకోండని. అదే ఏడాది మా పిన్ని కొడుక్కి 35 లక్షలు కట్నం ముట్టింది. ఆ కట్ట మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. వాణ్ని అమ్ముడుపోయాడని ఎవరూ అనలేదు సరికదా, మంచి సంబంధం అన్నారు.

నెలకు ఆరు వేల బాత్‌లు అత్తగారికి పంపుతాం. మా ఆవిడ జీతంలోంచి. ఇక్కడి మన మిత్రులు దానికి నాకు పెట్టిన పేరు ఏటీఎం. తెల్లవాళ్ల బారుల్లో దీనిమీద ఒక పాత జోకు ఉంది, ఊళ్లో గేదెకు జబ్బు చేసిందని చెప్పి అమ్మాయి డబ్బడుగుతుందని. మా అత్తగారింట్లో గేదె ఎప్పుడో పోయింది, దున్నడానికి చేతి ట్రాక్టరుంది. దాన్ని ‘ఖ్వాయ్ లెక్’ అంటారు, అంటే ఇనప గేదె. దానికి జబ్బు చేస్తుంది, నిజమే, మెకానిక్‌కి మా బావమరిదే ఇచ్చుకుంటాడు. మంత్రిగారూ, తెనాలిలో మా అమ్మకూ నెలనెలా పంపుతాను. అక్కడ నన్ను బంగారు కొడుకు అంటారు. ఒకే బ్యాంకు యాప్, ఒకే రోజు, రెండు మీటలు. ఒకటి నొక్కితే బంగారు కొడుకు, ఇంకోటి నొక్కితే ఏటీఎం. కన్నవాళ్లను చూసుకోవడాన్ని ఇక్కడ కతన్యూ అంటారు. మన కృతజ్ఞతే అది, పాళీ దారిలో వచ్చింది. ఈ ముక్క మీ శిక్షణలో చెప్పొచ్చు కదా? ఒక్క నిమిషం పట్టదు.

ఔనంటారు, చెయ్యరు అనే మాట. మా పాత మేనేజరు మనవాడే. ఒక అమ్మాయిని “శుక్రవారానికి అవుతుందా?” అని ఇంగ్లిష్‌లో గట్టిగా అడిగేవాడు. ఆ పిల్ల “ఖా” అనేది. శుక్రవారం కాకపోతే, చూశావా అబద్ధం అనేవాడు. ‘ఖా’ అంటే ప్రతిసారీ ఔను కాదండీ. ‘ఖా’ అంటే ‘అండీ’. గోదావరి జిల్లాల్లో ‘ఆయ్’ అంటారే, అదీ. వింటున్నానండీ అని. పెద్దవాడి మొహాన కాదు అనలేకపోవడాన్ని ఇక్కడ క్రేంగ్ జాయ్ అంటారు. దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పలేక తెల్లవాళ్లు పేజీలకు పేజీలు రాశారు. తెలుగులో ఒక్క మాట చాలు, మొహమాటం. మొహమాటానికి పోయి చీటీలకు హామీ సంతకాలు పెట్టే జాతి మనది, మనకీ అర్థం కాకపోతే ఎట్లా?

ఒక మాట ఒప్పుకోవాలి. వాళ్లకూ మనమీద తక్కువేం లేవు. మనల్ని ఖేక్ అంటారు. పాము, ఖేక్ ఒకేసారి ఎదురైతే ముందు ఖేక్‌ను కొట్టమని సామెత. మా ఆవిడ మేనమామ నిశ్చితార్థం రోజున నా ముందే ఆ సామెత వేశాడు, నాకు రాదనుకుని. తర్వాత కంటి ఆపరేషనుకు వచ్చి నెల్లాళ్లు మా ఇంట్లోనే ఉన్నాడు, పప్పుచారు అలవాటు చేసుకుని వెళ్లాడు. సామెతను ఏ సర్కారూ పాఠంగా చెప్పించలేదు. తేడా అక్కడుంది.

ఆడవాళ్ల విషయంలో ఈ దేశానికి చెడ్డపేరు ఎలా వచ్చిందో మీకు తెలియంది కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులను సెలవులకు ఇక్కడికి దింపారు, పట్టాయా ఆ డబ్బుతో పెరిగింది. వ్యభిచారం ఈ దేశ చట్టంలో నేరమే, 1996 చట్టం ఇప్పటికీ ఉంది, అమలు ఎంతన్నది వేరే మాట. 2023 నవంబరులో మనకు వీసా అక్కర్లేదన్నారు, 2024లో మనవాళ్లు 20 లక్షలకు పైగా వచ్చారు. సువర్ణభూమి విమానాశ్రయంలో దిగి క్షీరసాగర మథనం బొమ్మ ముందు ఫొటో దిగుతారు, దేవతలకు దండం పెడతారు, బయటికొచ్చి టాక్సీ అతన్ని మొదటి మాటే ఏం అడుగుతారో నేను రాయను. ఇంతా చేసి వెళ్లి ‘ఆ దేశం అలాంటిది’ అంటారు. కుర్రాళ్ల స్పెషల్ ప్యాకేజీలని మన ఊళ్లలో ఏజెంట్లు వేసే పోస్టర్లు మీ కారు అద్దంలోంచి కనబడవా? కనబడతాయి.

2018లో థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ ఇరుక్కున్నప్పుడు మన టీవీలు కూడా రాత్రింబవళ్లు చూపించాయి. లోపలికి గాలి సిలిండర్లు చేర్చి తిరిగి వస్తూ చనిపోయిన సమాన్ కునాన్ మా ఆవిడ జిల్లావాడే. గుహలోంచి తోడిన నీళ్లు కింద పొలాల మీదపడి నాట్లు మునిగితే, పిల్లలు బతికితే చాలన్నారు అక్కడి రైతులు. పరిహారం వద్దన్నవాళ్లూ ఉన్నారు. మీ పాఠంలో నాలుగు లైన్లున్నాయి కదా, ఐదోది ఇది పెట్టినా బాగుండేది.

ఇక ఆ నవ్వు. సమావేశం నుంచి రైల్లో ఇంటికొస్తున్నాం. మా అమ్మాయికి పన్నెండేళ్లు. “నాన్నా, మంత్రిగారు ఏం జోకేశారు? అందరూ అమ్మను ఎందుకు చూశారు?” అంది. చెప్పడానికి నాకు ఏ భాషలోనూ మాట రాలేదు. మా ఆవిడే థాయ్‌లో ఏదో చెప్పి మాట మార్చింది. రాత్రి నేను, నువ్వెందుకు నవ్వావు అని అడిగాను, కొంచెం కోపంగానే. “యిమ్ సూ” అంది. కష్టం ఎదురైతే నవ్వుతూ నిలబడటానికి వాళ్లు పెట్టుకున్న పేరది. ఏడిస్తే మీ మంత్రికి ఇబ్బందిగా ఉండేది కదా, అంది. చూశారా అయ్యా, ఆ పూట కూడా మొహమాటపడింది మీ గురించే. మీ పాఠం ప్రకారం ఆ నవ్వును నమ్మకూడదు. అదొక్కటి మాత్రం మీవాళ్లు నిజమే చెప్పారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ నాలుగు లైన్లు తీసేయించండి. తీసేశామని ఒక ముక్క రాయండి. కొత్త పాఠం ఎవరు చెప్తారంటారా, నేను చెప్తాను, మా ఆవిడ చెప్తుంది, టీఏ డీఏ కూడా అక్కర్లేదు. అదీ కుదరకపోతే ఆ గంట ఎత్తేయండి, తెలియకుండా వచ్చినా నష్టం లేదు, ఇలా తెలుసుకుని రావడమే నష్టం. ముందు జవాబివ్వండి. మూడు కాగితాలకు కలిపి ఒక్క జవాబు. తీసేయిస్తారా, తీసేయించరా?

నాలుగో వినతిపత్రం మా ఆవిడే రాస్తానంటోంది, తెలుగులోనే. ఒత్తులు ఇంకా కుదరడం లేదు, ‘గౌరవనీయులైన’ దగ్గర రెండు కాగితాలు చించేసింది. సెలవులకు ఊరొస్తున్నాం, తనే మీ ఆఫీసుకొచ్చి ఇస్తుందట. పీఏ గారితో, గేటు దగ్గర వాళ్లతో ఒక్క మాట చెప్పి ఉంచండి, ఆమెకు తెలుగు వచ్చునని.

ఇట్లు,
రోయ్ ఎత్ అల్లుడు, తెనాలి కొడుకు,
బ్యాంకాక్

జతపరచినవి: మొదటి వినతిపత్రం రసీదు నకలు. రెండోదానికి రసీదు ఇవ్వలేదు కనుక జతపరచలేదు. మూడోది మీ దగ్గరే ఉండాలి.