మ్యాక్‌లో ఉన్నదాన్నే మళ్లీ ఎక్కించాలా?

సంపాదకుల వారికి,

మ్యాక్‌తోపాటే వచ్చే బ్యాష్ (టైపు చేసిన ఆదేశాల్ని నడిపే ప్రోగ్రాం), కర్ల్ (నెట్ నుంచి ఫైళ్లు దించేది) లాంటివాటిని, ప్రోగ్రాములు ఎక్కించే ఉచిత సాధనం హోమ్‌బ్రూ మళ్లీ ఇవ్వడం దండగ అనే వాదన సరికాదు. ఆపిల్ ఇచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2నే. తర్వాతి వెర్షన్లు ఆపిల్ దూరం పెట్టే జీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుకు మారడంతో అది అక్కడే ఆగిపోయింది. లినక్స్‌లో చక్కగా నడిచే స్క్రిప్టులో (ఆదేశాల ఫైలులో) అసోసియేటివ్ అర్రే, అంటే పేర్లతో విలువలు దాచుకునే జాబితా, ఉంటే, మ్యాక్‌లో ‘ఇన్‌వాలిడ్ ఆప్షన్’ అని మొరాయిస్తుంది. 2022లో మ్యాక్ ఓఎస్ 12.3 నుంచి ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 2.7ను తీసేశారు, దాన్నే నమ్ముకున్న స్క్రిప్టులు మూలనపడ్డాయి.

అలాగని హోమ్‌బ్రూ ఇచ్చే రెండో ప్రతి ఆపిల్ ఇచ్చిన మొదటిదాన్ని కప్పేయకూడదు. కర్ల్‌ను హోమ్‌బ్రూ ‘కెగ్ ఓన్లీ’గా పెడుతుంది: ఎక్కుతుంది గానీ పాత్‌లోకి (ఆదేశాల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలోకి) రాదు. ఇది మంచి పద్ధతి.

చిక్కల్లా కొత్త బ్యాష్ వేశాకే. స్క్రిప్టు మొదటి వరుసలో ‘/బిన్/బ్యాష్’ అని ఉంటే పాత 3.2నే నడుస్తుంది. దాన్ని ‘/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ బ్యాష్’గా మార్చి, టెర్మినల్‌లో ‘విచ్ -ఎ బ్యాష్’ కొట్టి హోమ్‌బ్రూ దారి ముందు వస్తోందో లేదో చూడాలి. నిర్ణీత వేళకు వాటంతటవే నడిచే క్రాన్ పనులకు ఆ పాత్ మామూలుగా అందదు. వాటికి, ఆపిల్ సిలికాన్ (ఆపిల్ సొంత చిప్) యంత్రాల్లో ‘/ఆప్ట్/హోమ్‌బ్రూ/బిన్/బ్యాష్’ అని పూర్తిగా రాయడం మేలు. /బిన్‌లోని అసలు ఫైలు జోలికి మాత్రం పోవద్దు.

— ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, హైదరాబాద్