ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు ఆడితే ఆటగాడు తయారవుతాడా?

సంపాదకులు గారికి,
నమస్కారం.

2025 ఆగస్టులో జెడ్డాలో జరిగిన ఆసియా కప్‌లో మన పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది. జోర్డాన్‌తో మ్యాచ్ మాత్రం అదనపు సమయం దాకా వెళ్లింది. ఇలా ఓడినప్పుడల్లా మనవాళ్ల ఎత్తు చాలదన్న మాట వినిపిస్తుంది. కానీ 2014లో వూహాన్‌లో చైనాను 65-58తో ఓడించింది కూడా మన జట్టే. దాదాపు ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు ఈ ఆట నేర్పినవాడిగా నేను అడగదలచుకున్నది ఎత్తు గురించి కాదు, భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య ఈ ఆటను దేశంలో నడుపుతున్న తీరు గురించి.

జాతీయ పోటీలు 1934లోనే ఢిల్లీలో మొదలైనా సమాఖ్య ఏర్పడింది 1950లో. జిల్లా సంఘాలు కలిసి రాష్ట్ర సంఘం, రాష్ట్ర సంఘాలతో పాటు రైల్వేలు, సర్వీసెస్ (సైనిక దళాల జట్టు) వంటి సంస్థలు కలిసి జాతీయ సమాఖ్య. పైన నియమాలు నిర్ణయించే అంతర్జాతీయ సమాఖ్య ఫీబా. దేశపు జట్టును ఎంపిక చేయడం, రిఫరీలను తయారుచేయడం, అండర్-13, అండర్-16, అండర్-18, సీనియర్ విభాగాల్లో జాతీయ పోటీలు జరపడం సమాఖ్య ముఖ్యమైన పనులు. కాగితం మీద చూస్తే ఈ ఏర్పాటులో లోపమేమీ కనిపించదు.

కింద నిలబడి చూసినవారికి మాత్రం వేరే సంగతి తెలుస్తుంది. జిల్లా జట్టు సెలెక్షన్స్ ఒక ఆదివారం ఉదయం మొదలై మధ్యాహ్నానికి ముగుస్తాయి. ఎంపికైన పిల్లలు రాష్ట్ర పోటీలకు వెళ్లి మూడు రోజులు ఆడి వస్తారు. అక్కడ మెరిసిన పన్నెండు మంది ఒక చిన్న క్యాంపు తర్వాత రిజర్వేషను దొరికీ దొరకని రైల్లో జాతీయ పోటీలకు బయలుదేరతారు. అక్కడ లీగ్ దశలో మూడో నాలుగో మ్యాచ్‌లు ఆడి, క్వార్టర్ ఫైనల్ చేరకపోతే వారం తిరక్కుండానే ఇంటికి వచ్చేస్తారు. మళ్లీ పోటీ అనేది వచ్చే ఏడాదే. నేను పనిచేసిన ఒక జిల్లాలో (పేరు రాయను) వరసగా రెండేళ్లు ఆ ఆదివారం సెలెక్షన్స్ కూడా జరగలేదు. జట్టు జాబితా మాత్రం నోటీసు బోర్డు మీద కనిపించింది. బంతిని ఎలా పట్టాలో, రింగ్ వైపు ఎలా దూకాలో నేను నేర్పగలను గానీ, చివరి రెండు నిమిషాల్లో మూడు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు ఏం చేయాలో మ్యాచ్ తప్ప మరెవరూ నేర్పలేరు.

వయసు విభాగాల తికమక దీనికి తోడు. పాఠశాలల క్రీడా సమాఖ్య, అంటే మేము ఎస్‌జీఎఫ్ అనేది, అండర్-14, 17, 19 పోటీలు పెడుతుంది. బాస్కెట్‌బాల్ సమాఖ్య లెక్క 13, 16, 18. ఒకే పిల్లవాడు ఒకచోట అర్హుడు, మరోచోట అనర్హుడు. ఈ రెండు క్యాలెండర్లనూ ఒకచోట పెట్టి చూసేవారు ఉన్నట్టు నా అనుభవంలో ఎన్నడూ అనిపించలేదు.

స్పెయిన్‌లో ఈ ఆటకు పునాది క్లబ్బు. అక్కడి సమాఖ్య 1923 నాటిది. అగ్రశ్రేణి లీగును 1983 నుంచి క్లబ్బుల సంఘం నడుపుతుంటే, దాని కింది అంచెల లీగులను జాతీయ సమాఖ్య, పిల్లల లీగులను ప్రాంతీయ సమాఖ్యలు చూసుకుంటాయి. సమాఖ్య లైసెన్సు పొందిన పిల్లవాడు సీజను పొడవునా తన ఊరి క్లబ్బు తరఫున ఆడతాడు. మన దగ్గర క్లబ్బు స్థానాన్ని ఉద్యోగం ఆక్రమించింది. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో బ్యాంకులోనో చేరితేనే ఇరవై రెండేళ్లు దాటినవాడికి కోర్టు మీద నిలబడే అవకాశం. మహిళల జాతీయ టైటిల్ ఏళ్ల తరబడి రైల్వేల దగ్గరే ఉండడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. ఆ ఉద్యోగాలే లేకుంటే ఈ ఆట ఎప్పుడో కనుమరుగయ్యేది కాబట్టి రైల్వేలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ కోసం ఆడేవాడు సర్టిఫికెట్ చేతికి రాగానే ఆట మానేస్తాడు, అంతే.

2022లో మొదలైన జాతీయ లీగ్ ఆశ కలిగించిన మాట నిజమే. అయితే తొలి సీజనులో దిగిన ఆరు నగరాల జట్లలో హైదరాబాద్ లేదు, విజయవాడ, విశాఖపట్నం అసలే లేవు. 2015లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో 52వ స్థానంలో ఎంపికైన మన సత్నామ్ సింగ్ ఆటలో అక్షరాభ్యాసం లుధియానాలో చేసినా, చేయి తిరిగింది అమెరికాలోని ఫ్లోరిడాలో.

2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సమాఖ్యల కార్యవర్గంలో సభ్యులు 15 మందికి మించరాదని, వారిలో కనీసం నలుగురు మహిళలు ఉండాలని చెబుతోంది. వివాదాల కోసం ట్రిబ్యునల్‌నూ ఏర్పరుస్తోంది. ఇవి అవసరమైనవే. కాకపోతే కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నదే అందులో ప్రధానాంశం. జిల్లాలో ఎన్ని మ్యాచ్‌లు జరగాలన్నది సమాఖ్య తన నిబంధనల్లో తానే రాసుకోవలసిన విషయం. ప్రతి వయసు విభాగంలోనూ కనీసం ఆరు జట్లతో, ఒక్కో జట్టుకు పది మ్యాచ్‌లు తగ్గకుండా జిల్లా లీగ్ జరిపి స్కోరు షీట్లు పంపిన జిల్లా సంఘానికే రాష్ట్ర సంఘంలో, అలాంటి జిల్లాలు సగమైనా ఉన్న రాష్ట్రానికే జాతీయ సమాఖ్యలో ఓటు ఉండాలని నా సూచన. కొత్త స్టేడియాలు అక్కర్లేదు. హైస్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో ఉన్న సిమెంటు కోర్టులకు రింగులు బిగించి, శని, ఆదివారాల్లో గేటు తాళం తీస్తే చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సంఘాలు నిబంధన కోసం ఎదురుచూడకుండా చెరి రెండు జిల్లాల్లోనైనా ఈ వేసవి తర్వాత దీన్ని మొదలుపెట్టవచ్చు. రిఫరీలుగా నిలబడడానికి నాలాంటి విశ్రాంత పీఈటీలు ప్రతి మండలంలోనూ ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు