తల్లి గుండె మీద కిలోన్నర బిడ్డ

అందరికీ నమస్కారం. కిలోన్నర బిడ్డను వార్మర్ (వెచ్చగా ఉంచే యంత్రం) మీద నుంచి తీసి తల్లి ఎదకు ఆనిస్తే చలి పట్టదా అని నిన్న ఒక చెల్లెలు అడిగింది. సరిగ్గా పెడితే పట్టదమ్మా. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, ఒక డైపర్. తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, ముఖం ఒక పక్కకు తిప్పి, పైన గుడ్డతో కట్టాలి. బిడ్డ మెడ మాత్రం ముందుకు వాలకూడదు. దీన్నే కంగారూ మదర్ కేర్ అంటారు.

ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో 1.8 కిలోల లోపు శిశువులు 3,211 మందిపై జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. పుట్టగానే ఇలా మొదలుపెట్టినవారిలో 28 రోజుల్లోపు మరణాలు 12 శాతం. పరిస్థితి కుదుటపడ్డాక మొదలుపెట్టినవారిలో 15.7. తేడా స్పష్టమై, అధ్యయనాన్ని ముందే ఆపేశారు.

ఇందుకోసం తల్లి మంచాన్నే నవజాత శిశువుల ఐసీయూలోకి తెచ్చారు. బాలింతను గాజు తలుపు బయట నిలబెట్టే మన అలవాటు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఆమెకు నీరసంగా ఉంటే నాన్నో, అమ్మమ్మో ఎత్తుకోవచ్చు. బిడ్డ నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టు అనిపించినా వెంటనే నర్సును పిలవండి.